ఎవరో చెబితేనే తెలిసింది

చట్టం ఉంది, కార్డు ఉంది, పింఛను ఉంది. వాటి దగ్గరికి వెళ్లే దారి మాత్రం ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది. ఆ దారి వేసిన పోలియో తరం తప్పుకుంటోంది. ఆ చోటులోకి అమ్మలు వస్తున్నారు.

కోస్తాలో ఓ ఏరియా ఆసుపత్రి. ఉదయం ఏడున్నర. ఓపీ గది తాళం ఇంకా తీయలేదు, వరండా మాత్రం అప్పటికే నిండిపోయింది. ఆ రోజు సదరం క్యాంపు. గోడ వారన చంకకర్రలు ఆనించి ఉన్నాయి. నల్ల కళ్లద్దాల ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు కుర్రాళ్లు చేతులతో గబగబా ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ వరండాలో నవ్వుతున్నది వాళ్లిద్దరే.

మెట్ల పక్కనే ర్యాంపు ఉంది. దాని మీద మూడు మోటారు సైకిళ్లు పెట్టి ఉన్నాయి. వాటి సందులోంచి ఒకావిడ పదమూడేళ్ల కొడుకును చంకనేసుకుని పైకొచ్చింది. చంకనేసుకోవడమంటే పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు కాదు. వాడి కాళ్లు ఆమె మోకాళ్ల కిందిదాకా వేలాడుతున్నాయి. మెడ నిలవడం లేదు. ఆమె రెండో భుజానికి గుడ్డసంచి, సంచిలో చీరల షాపు కవరు, కవర్లో కాగితాలు. ఐదు గంటల బస్సుకు బయల్దేరారట.

బల్ల చివర కూర్చున్న పెద్దమనిషి కాస్త జరిగి చోటిచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఆయన మూడు చక్రాల బండి బయట వేపచెట్టు కింద ఉంది. ఆ రోజు ఆయనకు అక్కడ పనేం లేదు. వాళ్ల ఊరివాళ్లెవరో వస్తుంటే తోడొచ్చాడు.

“స్లాట్ ఎన్నింటికమ్మా?”

“తొమ్మిదింటికన్నారన్నయ్యా.”

“కాగితం ఏదీ, ఇటివ్వు.” చూశాడు. “ఎముకల డాక్టరుకు రాశారు. ఆయన కాళ్లూ చేతులూ చూసి పంపించేస్తాడు. పిల్లాడికి మాట వచ్చా?”

“లేదు. చెప్పినవి కూడా అన్నీ అర్థం కావు.”

“మరి ఆ సంగతి నువ్వే చెప్పాలి. మానసిక డాక్టరుకు కూడా చూపించాలని అడుగు. నువ్వు అడక్కపోతే వాళ్లు అడగరు. ఆధార్ జెరాక్సులు ఎన్ని తెచ్చావు?”

ఒకటే తెచ్చింది. రోడ్డవతల జెరాక్స్ షాపు ఎనిమిదింటికి తీస్తారని కూడా ఆయనే చెప్పాడు.

నేను ఆ వరండాకు వెళ్లింది వార్త రాయడానికి. ర్యాంపు మీద బళ్లు చూసి కోపం తెచ్చుకుని, దాని మీద నాలుగు ముక్కలు రాసి ముగిద్దామనుకున్నాను. ఈ ఐదు నిమిషాల సంభాషణ విన్నాక అసలు కథ ర్యాంపు మీద కాదు, ఆ బల్ల మీద ఉందనిపించింది.

శాతం అనే గీత

‘సదరం’ అనే మాట విని చాలామంది అది తెలుగో సంస్కృతమో అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యాన్ని లెక్కగట్టడానికి పెట్టిన కంప్యూటర్ వ్యవస్థ ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలు అవి. జనం నోట్లో నలిగి అచ్చమైన ఊరి మాటైపోయింది. “సదరం అయిందా?”, “సదరంలో ఎంతొచ్చింది?” అంటారు. ఎంత అంటే శాతం. పదో తరగతి మార్కుల్లాగే ఇంటిల్లిపాదీ దాని కోసం ఎదురుచూస్తారు. ఒకటే తేడా, ఇక్కడ ఎక్కువ వస్తే సంతోషించాలో ఏడవాలో తెలియదు.

గీత 40 దగ్గర ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రిజర్వేషన్ల లాంటి ప్రయోజనాలకు 40 శాతాన్ని కనీస కొలతగా పెట్టింది. దేశమంతటికీ చెల్లే యూడీఐడీ కార్డుకు రంగులు కూడా దీన్నిబట్టే. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. పింఛను కూడా ఈ గీత చుట్టూనే తిరిగింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 79 శాతం దాకా ఉన్నవాళ్లకు వెయ్యి, 80, ఆపైన ఉంటే పదిహేను వందలు ఇచ్చేవాళ్లు. ఒక్క శాతం తేడా ఐదు వందల రూపాయలన్నమాట. ఇప్పుడు అక్కడ నెలకు 6,000. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు.

కాలు ఎంత వంగిందో, చెవికి ఎంత వినిపిస్తోందో కొలవొచ్చు. ఆ తల్లి కొడుకు సంగతి ఎలా కొలుస్తారు? వాడికి ఆకలేస్తే చెప్పలేడు. నొప్పి కడుపులో ఉందో పంటిలో ఉందో ఆమె వాడి ఏడుపును బట్టి కనిపెడుతుంది. ఆ ఏడుపుల్లో రకాలు ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియవు. ఎముకల డాక్టరు చూసే కొలతలో ఇది రాదు. పెద్దాయన చెప్పింది అదే. రెండు వైకల్యాలున్న బిడ్డకు ఒక్కదానికే లెక్క కట్టించుకుని వెళ్తే, మళ్లీ స్లాట్ కోసం నెలల తరబడి చూడాలి. ఇది ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

మా అన్నయ్య, ఆ టైలరు

నాకు ఈ సంగతి పరాయిది కాదు. మా పెదనాన్న కొడుక్కి రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి కాలు పడిపోయింది. 1970ల మాట. ఊళ్లో మందు నూనె రాశారు, పక్కూళ్లో తాయెత్తు కట్టించారు, మూడు తిరునాళ్లకు తీసుకెళ్లారు. అన్నయ్య ఏడేళ్లదాకా అరచేతుల మీద పాక్కుంటూ ఉన్నాడు. ఆ తర్వాత తెనాలిలో బట్టలు కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు, ఒంటికాలితో మిషను తొక్కుతున్న టైలరు పెదనాన్నను అడిగాడట, “పిల్లాడికి క్యాలిపర్ వేయించలేదేం?” అని. ఆ మాట పెదనాన్న అంతకుముందు వినలేదు. టైలరు తన పంచె పైకి తీసి, తోలు పట్టీలూ ఇనుప కడ్డీలూ ఉన్న బూటు చూపించి, గుంటూరులో ఎక్కడ చేస్తారో సిగరెట్ పెట్టె వెనక రాసిచ్చాడు.

అన్నయ్య బడికెళ్లాడు. పెద్దయ్యాక బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ టైలరు పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

అన్నయ్యలాంటివాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. వాళ్ల కాలు ఆడదు గానీ నోరు ఆడుతుంది, తెలివి ఆడుతుంది. అర్జీ రాయగలరు, కలెక్టరేట్ గేటు ముందు బైఠాయించగలరు. మన రాష్ట్రాల్లో వికలాంగుల ఉద్యమాన్ని నిలబెట్టింది ఎక్కువగా ఈ పోలియో తరమేనని నా లెక్క. ‘వెలుగు’, ఇందిరా క్రాంతి పథం రోజుల్లో డ్వాక్రా పద్ధతిలోనే వికలాంగులతో పొదుపు సంఘాలు కట్టారు. ఊళ్లో సంఘం, మండలంలో సమాఖ్య. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న గ్రామీణాభివృద్ధి సంస్థ, మనం ఆర్‌డీటీ అంటామే, అదీ ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టింది. పొదుపు డబ్బు ఎంతని కాదు. నెలకోసారి ఓ చోట కూర్చోవడం వల్ల ఒకరికి తెలిసింది పదిమందికి తెలిసింది. రైలు రాయితీ ఫారం ఎక్కడ దొరుకుతుంది, బస్సు పాసుకు ఏం కావాలి, ట్రైసైకిళ్లు ఎప్పుడిస్తారు, అన్నీ అక్కడే. పింఛను పెంచాలని మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి రోడ్డెక్కినప్పుడు ట్రైసైకిళ్ల వరసలు కిలోమీటర్ల మేర కనబడేవి.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేదని ప్రకటించారు. ఎంత మంచి కబురు! కానీ దీనికో రెండో వైపుంది. సంఘాలు నడిపిన ఆ తరానికి ఇప్పుడు యాభైలు, అరవైలు. వాళ్ల వెనక అలాంటి తరం లేదు, రాకూడదు కూడా. ఇవాళ సదరం వరండాలో ఎక్కువగా కనిపిస్తున్నది సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, ఆటిజం పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు. వాళ్లు ధర్నా చేయలేరు. వాళ్ల బదులు మాట్లాడాల్సింది వాళ్ల అమ్మలు. ఆ అమ్మలకేమో బిడ్డను వదిలి సంఘం మీటింగుకు వెళ్లే తీరికుండదు.

ఏడు నుంచి ఇరవై ఒకటి

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం 21 రకాలను. ఆటిజం, కండరాల క్షీణత, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు, తలసీమియా, హీమోఫీలియా, మన్యంలో కనిపించే సికిల్ సెల్ దాకా అన్నీ చేరాయి. ప్రభుత్వోద్యోగాల్లో వాటా మూడు నుంచి నాలుగు శాతమైంది, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు. కాకపోతే ఉద్యోగాల కోటాలో రక్తానికి సంబంధించిన జబ్బులకు చోటివ్వలేదు. జాబితాలో పేరుంది, విస్తట్లో అన్నం లేదు.

పేర్లు కూడా మారాయి. వికలాంగులు పోయి దివ్యాంగులొచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులొచ్చారు. పేరు మారినప్పుడల్లా బోర్డు పెయింటరుకు పని దొరికింది. మా అన్నయ్య మాత్రం తనను తాను ఇప్పటికీ వికలాంగుడనే చెప్పుకుంటాడు. “దివ్యంగా ఉంటే క్యాలిపర్ ఎందుకురా?” అంటాడు.

ఉన్న సేవలు తక్కువేం కాదు, ఇది ఒప్పుకోవాలి. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తారు. తేడా కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మెడ నిలపని బిడ్డను ఆర్నెల్లకే అక్కడికి చేర్చగలిగితే తర్వాతి పదేళ్లు వేరుగా ఉంటాయి. కానీ “మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందిలే” అని ఊరంతా అంటుంటే ఏ తల్లి వెళ్తుంది? మండల కేంద్రాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి. ప్రత్యేకంగా శిక్షణ పొందిన టీచర్లుంటారు, వారానికోసారి ఫిజియోథెరపిస్టు వస్తారు. రాలేని పిల్లల ఇంటికి టీచరే వెళ్తుంది. నేను చూసిన ఓ భవిత టీచరు పిల్లాడి చేతికి చెంచా అలవాటు చేయడానికి నాలుగు నెలలు పట్టిందని చెప్పింది. చెంచా పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది, జారిపోకుండా. ఆ చెంచాతో వాడు పెరుగన్నం నోటిదాకా తీసుకెళ్లిన రోజు వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుందట. ఆ ట్యూబు ముక్క ఆలోచన టీచరుదీ కాదు. ఇంకో పిల్లాడి నానమ్మ చెప్పింది.

రైల్లో అయితే తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకూ చూపు పూర్తిగా లేనివాళ్లకూ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకూ సెకండ్ క్లాసు, స్లీపరు, థర్డ్ ఏసీల్లో నాలుగింట మూడొంతుల రాయితీ ఉంది. తోడు వెళ్లేవాళ్లకూ అంతే. నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చులు కూడా దీంట్లో వస్తాయి. ఆ వరండాలో పదకొండు మంది తల్లుల్ని అడిగాను. నిరామయ పేరు విన్నది ఒకరు.

పద్దెనిమిది నిండిన రోజు

ఆ ఒక్కరూ విజయవాడ దగ్గర్నుంచి వచ్చిన టీచరమ్మ. కూతురికి ఆటిజం. ఆమె కథలో నాకు బాగా గుచ్చుకున్నది బ్యాంకు ఘట్టం. అమ్మాయి పేర తాతగారు డిపాజిట్ వేశారు. పద్దెనిమిది నిండాక దాన్ని రెన్యూ చేయడానికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు, “అమ్మాయి మేజర్ కదా మేడం, సంతకం అమ్మాయే పెట్టాలి” అన్నాడు. అమ్మాయి అక్కడే నిలబడి కౌంటరు అద్దం మీద వేలితో గుండ్రాలు గీస్తోంది. “నేను తల్లిని” అని ఈవిడంటే, “అది పద్దెనిమిది దాకానే మేడం” అన్నాడు. అతను చెప్పింది చట్టప్రకారం సరే. సరే కాబట్టే ఆమెకు నోట మాట రాలేదు.

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దీనికే దారి చూపింది. జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది. కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు అందులో సభ్యులు. తల్లిదండ్రులైనా, అన్నదమ్ములైనా దరఖాస్తు పెట్టుకుంటే విచారించి చట్టబద్ధ సంరక్షకులుగా నియమిస్తారు. కోర్టుకు వెళ్లక్కర్లేదు. “ఇదంతా మీకెవరు చెప్పారు?” అనడిగాను. “ఫిజియో దగ్గర కలిసిన ఇంకో అమ్మ” అంది.

ఒక అమ్మకు ఇంకో అమ్మే దారి చూపుతుందన్న సంగతి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు ముందే అర్థమైంది. ఇవాళ ఎన్‌ఐఈపీఐడీ అంటున్నాం, మన పెద్దలకు అది ఎన్‌ఐఎంహెచ్. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు బయట చెట్టు కింద కూర్చుని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేది, లోపల నిపుణులు చెప్పేదానికి ఏమీ తీసిపోదు. దేశంలోని తల్లిదండ్రుల సంఘాల్ని కలిపి 1995లో ‘పరివార్’ సమాఖ్య పుట్టింది ఆ సంస్థ చొరవతోనే. హైదరాబాద్‌లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీని 1998లో పెట్టుకున్నదీ పిల్లల తల్లిదండ్రులే. నెలనెలా రక్తం ఎక్కించాల్సిన బిడ్డను తీసుకుని బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగీ తిరిగీ, ఇక మనమే పెట్టుకుందామనుకున్నారు.

ఇలాంటివాళ్ల కథల కన్నా మనకు వీరగాథలంటే ఇష్టం. జైపూర్ కాలుతో నాట్యం చేసిన సుధాచంద్రన్‌ను ‘మయూరి’లో చూసి తెలుగునాడంతా కంటతడి పెట్టింది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ పరిశ్రమ పెట్టిన శ్రీకాంత్ బొల్లా మీద హిందీలో సినిమానే వచ్చింది. ఆ విజయాల్ని తక్కువ చేయడం లేదు. అయితే శ్రీకాంత్‌కు ఇంటర్‌లో సైన్స్ ఇవ్వమంటే కోర్టుకెళ్లాల్సి వచ్చింది, ఆయన వెంట ఓ టీచరు నిలబడింది. జైపూర్ కాలును 1968లో డాక్టర్ పి.కె. సేథీతో కలిసి తయారుచేసిన రామచంద్ర శర్మ డాక్టరు కాదు, శిల్పి. మన రైతు చెప్పుల్లేకుండా పొలంలో దిగుతాడని, గొంతుక్కూర్చుంటాడని, చెట్టెక్కుతాడని తెలిసిన మనిషి. బూటు తొడిగిన పరదేశీ కృత్రిమ కాళ్లు ఇక్కడ ఎందుకు మూలపడుతున్నాయో ఆయనకు తెలుసు. వీరగాథల్లో ఇలాంటివాళ్లు రెండో రీలుకే కనబడకుండా పోతారు.

ర్యాంపు సంగతికి వస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరీ కేసులో గట్టి మాటే చెప్పింది. భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్న నిబంధనలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయండి అని. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసిందే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి ర్యాంపు. ఆ ఏరియా ఆసుపత్రిలో నేను అడుగులేసి చూశాను. మూడడుగుల ఎత్తుకు పదిహేనడుగులుంది. బళ్లు పెట్టకపోయినా చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు, వెనక్కి జారుతుంది.

మధ్యాహ్నం రెండింటికి ఆ తల్లి బయటికొచ్చింది. ఇద్దరు డాక్టర్లూ చూశారు. శాతం ఎంతో ఇంకా తెలియదు, ఫోనుకు మెసేజ్ వస్తుందన్నారు. పిల్లాడు ఆమె భుజం మీదే నిద్రపోయాడు. బస్సు మూడున్నరకు. విజయవాడ టీచరమ్మ ఆమె ఫోను తీసుకుని వాట్సాప్ గ్రూపులో చేర్చింది. నూట నలభై మంది అమ్మలున్న గ్రూపు. “బాబుకి కుర్చీ ఉందా?” అనడిగింది. లేదంది. ట్రైసైకిల్ ఇస్తామన్నారు గానీ మెడ నిలవని పిల్లాడు ట్రైసైకిల్ ఎలా తొక్కుతాడన్నయ్యా అని పెద్దాయన వైపు చూసి నవ్వింది. ఆ పొద్దుకు ఆమె ముఖంలో నేను చూసిన మొదటి నవ్వు అది.

పది రోజులకు టీచరమ్మ నాకో ఫొటో పంపింది. ఒంగోలులో ఓ ఇంటి వసారాలో తల ఆనించే దిండు, నడుం పట్టీ ఉన్న చిన్న చక్రాల కుర్చీ. వాళ్ల బాబుకు చిన్నదైపోయిందట, ఎవరికైనా కావాలా అని ఆ ఇంటి తల్లి గ్రూపులో పెట్టింది. ఆర్టీసీ కార్గోలో వేశారు. అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు, ఫోన్ నంబరు రాసి ఉన్నాయి. కిందే ఇంకో వాక్యం. “ఎడమ చక్రం బ్రేకు కొంచెం వదులు. మీ ఊరి సైకిల్ షాపులో బిగించుకోండి, డబ్బులు తీసుకోరు, మా తమ్ముడే.”